సీసం చారలు

నెగిషి ప్రతి బ్యాడ్జీనీ వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూస్తుంది, తర్వాతే యంత్రంలో పెడుతుంది. అణు విద్యుత్ కేంద్రం గేటు దగ్గర ఇరవై రెండేళ్లుగా ఆమె పని ఇదే: లోపలికెళ్లిన మనిషికి ఎంత రేడియేషన్ తగిలిందో చదివి రాయడం. ఎవరు వంగి దణ్ణం పెట్టినా తల ఎత్తదు. ఆ మధ్యాహ్నం ఒకే పైపు కింద నాలుగు గంటలు కలిసి పనిచేసిన ఇద్దరు వెల్డర్ల బ్యాడ్జీలు వచ్చాయి. మొదటిది చూపినదాంట్లో రెండోవాడు మొరియాది మూడో వంతే చూపింది. దాని తెల్లటి ముఖం మీద పెన్సిల్‌తో గీసినట్టు బూడిదరంగు చారలున్నాయి. సీసం. లెక్క పరిమితి దాటితే మనిషిని ఇక పనిలోకి రానివ్వరని, రేడియేషన్ తగలకుండా బ్యాడ్జీకి సీసం రేకు తొడిగి పంపారు.

"తుడిచెయ్యమ్మా, వాడికి పెళ్లాం పిల్లలున్నారు," అన్నాడు మేస్త్రీ కురోఇవా. వెనక మొరియా నేల చూస్తూ నిలబడ్డాడు. "వాళ్లకి మనిషి కావాలా, నీ రేకు కావాలా?" అంది నెగిషి మేస్త్రీతో. " అంచులు మడవడం కూడా రాలేదు నీకు." "రేపట్నించి ఈ కుర్చీలో ఉండవు, చూసుకో." "ఇవాళ ఉన్నానుగా." ఆమె రెండు అంకెలూ పక్కపక్కన రాసి, సంతకం చేసింది. చారలు చెరగకుండా బ్యాడ్జీని సంచిలో పెట్టి మూతి అంటించి, పక్క గదిలోని ప్రభుత్వ తనిఖీ అధికారి చేతికిచ్చి, రశీదు రాయించుకుంది.