చచ్చినవాడు కాఫీ అడిగిన బొమ్మల కథ

ఆ కబురు మొదట మోసుకొచ్చింది మా పక్కింటి సరోజమ్మ. ఆమె చల్లగా ఉండాలి. తర్వాత జరిగిన ఘోరమంతా నా చేతి చలవే.

"అక్కా, మా పాప చంద్రిక బొమ్మల కథ వేసింది. స్టీమ్‌పంక్ అంట. మన హోసూరులో తెలుగు మాట్లాడేవాళ్లు వీధి నిండా ఉండారు, అందరూ అరవ బడికి పోయినోళ్లే, తెలుగు చదివేదానికి నువ్వే గతి. ఎట్లుందో రాసియ్యక్కా."

ఆవిరితో తిరిగే పంకా గురించేమో అనుకుని ఒప్పుకున్నాను. నేను బడికి పోలేదు. మా నాయన భజన పుస్తకం ముందు పెట్టి, ఎడమ వరుస కిందిదాకా చదివి కుడి వరుసకు పొమ్మని వేలు పట్టి నేర్పారు. ఆ పుణ్యానే నాలుగు అక్షరాలు వచ్చాయి.

తెరిస్తే పంకా లేదు! రాయకోట కొండ నిండా ఇత్తడి చక్రాలు, పొగగొట్టాలు. డెంకణికోట రాగి చేలల్లో అడవి ఏనుగులను తరిమే ఇనుప ఏనుగు. దాని తొండంలోంచి ఆవిరి ఎంత బాగా కొట్టిందంటే, నేను కళ్లద్దాలు తుడుచుకున్నాను. చిక్కంతా మాటలతోనే. "నీ పేరేమి?" అంటే ఒకడు "రాగి సంగటి" అంటాడు. ఒకడు ఎడమ వరుస అడుగు గడిలో చచ్చిపోయి, కుడి వరుస పై గడిలో లేచి కాఫీ అడుగుతాడు! గోవిందా అనుకుంటూ పేజీలు తిప్పాను.

"బొమ్మలు దేవుడిచ్చిన వరం. మాటలకు మతి లేదు" అని చీటీ రాసి, ఇంత మంచి పని అప్పగించినందుకు స్వామికి దండం కూడా పెట్టుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం సరోజమ్మ ఆయాసపడుతూ వచ్చింది. "అక్కా! నీ చీటీ చూసి పాప డీటీపీ కొట్లో కూర్చోని మాటలన్నీ చెరిపేస్తా ఉంది. సాయంత్రం ప్రెస్సుకు పోవాలంట. రెండేండ్ల కష్టమక్కా!"

షేర్ ఆటోలో ఆమెతో పాటు బస్టాండు పక్కనున్న డీటీపీ కొట్టుకు చేరేదాకా ఒక్క శ్లోకమూ నోటికి రాలేదు. కంప్యూటర్ తెర మీద మనుషులందరూ నోళ్లు తెరుచుకుని ఉన్నారు, మాటల బుడగలు మాత్రం ఖాళీ.

"ఆపమ్మా, ఆపు!"

"మతి లేదని నువ్వే రాసినావు కదా పెద్దమ్మా! యాడ లేదో చూపించు," అంది చంద్రిక, కళ్లు తుడుచుకుంటూ.

ఇంకా చెరపని పేజీ మీద వేలు పెట్టి చదివాను. "నీ పేరేమి?" వేలు కిందికి దించాను. "రాగి సంగటి."

"యాడికి పోతా ఉండావు పెద్దమ్మా?"

"కిందికి."

"పక్కకు పోవాల! ఇది నీ భజన పుస్తకం కాదు!"

పక్కకు పోయాను. పేరు అడిగితే వాడు పేరే చెప్పాడు. చచ్చినవాడు చావకముందే కాఫీ అడిగాడు. ఆ ఇనుప ఏనుగు బయటికొచ్చి నన్ను తొక్కేసినా బాగుండుననిపించింది.

"చెరిపినవి తిరిగొస్తాయా తల్లీ?" అని అడిగాను.

"ఇంకో కాపీ ఉందిలే."

స్వామీ, నీకు శతకోటి దండాలు! ఆ ధైర్యంతో నోరు జారాను. "ఒక్కటి మాత్రం..."

"ఇంకానా అక్కా!" సరోజమ్మ తల పట్టుకుంది.

"కొండమీద నుంచి పడిపోతూ నీ కథలో పిల్ల తొమ్మిది వరుసలు మాట్లాడుతుంది. అంతసేపు పడేంత ఎత్తు రాయకోట కొండకు లేదమ్మా."

చంద్రిక నన్ను చూసి, తెరను చూసి, పకపకా నవ్వింది. తొమ్మిది వరుసలూ కొట్టేసి "అమ్మా!" అని ఒక్కటే ఉంచింది.

ఇనుప ఏనుగు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: నా వేలు ఎటు పోతోందో చూసుకోకుండా ఇక ఏ పుస్తకానికీ మతి లేదని రాయను.

అచ్చయిన పుస్తకంలో ప్రతి గడి మూలలో ఒకటి, రెండు, మూడు అని చిన్న అంకె ఉంటుంది. ఎవరి కోసమని అందరూ అడిగారట, ఆ పిల్ల నా పేరు చెప్పలేదు. మీ చేతికి ఆ పుస్తకం వస్తే అంకెలు చూసి నవ్వుకోండి. నన్ను మరిచిపోయినా ఫరవాలేదు, చంద్రికను మాత్రం ఒక్కసారి తలుచుకోండి.