వెచ్చని చెయ్యి

ఆమెను తలచుకుంటే నాకిప్పటికీ కోపమే వస్తుంది. ఎవరి మీదో మాత్రం తెలియదు.

మాదాపూర్‌లో తొలి కంప్యూటర్ ఆఫీసుల భవనం లేస్తున్న రోజుల్లో, ఆ దగ్గరి దవాఖానలో నాకు కాన్పుల పని నేర్పిన నర్సు ఆమె. గర్భిణి కడుపు మీద చెయ్యి వేసే ముందు అరచేతులు రెండూ గట్టిగా రుద్దుకునేది.

"సల్లటి చెయ్యి తగిలితే తల్లి బెదురుతది" అనేది నాతో.

ఇంట్లో ఇద్దరు పిల్లలు, నెత్తి మీద నర్సింగ్ చదువుకు చేసిన అప్పు. జీతం ఎక్కువని ఐసీయూకి మారింది. అక్కడా చేతులు రుద్దుకుంటుంటే ఒకరోజు ఆమెను చూడ్డానికి వెళ్లిన నా ముందే అక్కడి ఇన్‌ఛార్జి సిస్టర్ విసుక్కుంది. "సోయి లేనోళ్లను ఎట్ల పట్టుకుంటే ఏంది? జల్ది కానియ్యి."

రెండేళ్లకు అప్పు తీరింది. అడిగి మరీ కాన్పుల వార్డుకు తిరిగొచ్చింది. నేను సంబరపడ్డాను.

ఆ రోజే, పక్కన లేస్తున్న మరో భవనం పనికొచ్చిన పాలమూరు కూలీ ఒకామె నొప్పులతో వచ్చింది. కడుపు మీద నర్సు చెయ్యి పడగానే ఉలిక్కిపడింది.

"చేతులు సల్లగున్నయ్, సిస్టరమ్మా."

"జర ఓర్సుకో."

నేను అరచేతులు రుద్దుకుంటూ దగ్గరికి వెళ్లాను. నాకు నేర్పిన ఆమే నా చేతుల వంక చూసి విసుక్కుంది.

"జల్ది కానియ్యి."