కోటమ్మ మొక్కిన పొట్టేలు

ఫిబ్రవరి చివరి శనివారం ఉదయం ఆరూ నలభైకి నరసరావుపేట బస్టాండులో మాచర్ల బస్సెక్కాను. వెళ్ళవలసింది వెల్దుర్తి పక్క పల్లెలో ఉన్న మా తమ్ముడు యోహాను ఇంటికి. ముందురోజు వాడు ఫోన్ చేశాడు. "అక్కా, కోటమ్మ నన్ను గడప దాటనీయటం లా. నీ మాటయితే ఇంటది, ఒకసారి రా," అన్నాడు.

వానాకాలంలో వాడికి బోరు మోటారు దగ్గర కరెంటు కొట్టింది. గుంటూరు ఆసుపత్రిలో తొమ్మిది రోజులున్నాడు. డాక్టర్లు ఏ సంగతీ చెప్పలేమన్న రోజున వాడి భార్య కోటమ్మ, నా మొగుణ్ణి బతికిస్తే నీకు పొట్టేలును కోస్తాను ఏసయ్యా, అని మొక్కుకుంది. ఆమె పుట్టింటివాళ్ళు ఏటా కోటప్పకొండ తిరునాళ్ళకు వెళ్ళేవాళ్ళు, ఊళ్ళో పోలేరమ్మకు వేటను కోసేవాళ్ళు. పెళ్ళయ్యాక మాతో చర్చికి వస్తున్నా, మొక్కు మాత్రం తనకు తెలిసిన పద్ధతిలోనే మొక్కింది. వాడు లేచి తిరిగాక పొట్టేలును తెచ్చి మేపి, చర్చి గేటు దగ్గర కోయాలా, మెట్ల ముందరా అని పాస్టరుగారిని అడిగింది. చర్చిలో బలి ఉండదమ్మా, ఆ పని సిలువ మీదే అయిపోయింది, అన్నారాయన. మొక్కు తీరకపోతే ఇచ్చిన ప్రాణాన్ని వెనక్కి తీసుకుంటాడని ఆమెకు భయం పట్టుకుంది. అప్పటినుంచి వాణ్ణి పొలానికి పంపలేదు. చేలో మిరపకు నీళ్ళు పెట్టే దిక్కులేదు.

ఇక బస్సు సంగతి. ఆడవాళ్ళకు టికెట్టు ఉచితం, ఆధార్ కార్డు చేతిలో ఉంచుకోవాలి. ముప్పై నాలుగేళ్ళు లెక్కలు చెప్పిన మనిషిని, డబ్బివ్వకుండా ప్రయాణం చేయడం నాకు చేతకాదు. కండక్టరు ఇచ్చిన టికెట్టు మీద కట్టవలసింది సున్నా అని ఉంది. నేను నోటు తీసి చాపాను.

"కట్టేవాళ్ళు వేరే ఉన్నారు పెద్దమ్మా. మళ్ళీ నీ దగ్గర తీసుకున్నాననుకో, నా ఉద్యోగం పోద్ది," అన్నాడు కండక్టరు.

పక్క సీట్లో బురఖా వేసుకున్నావిడ పిడుగురాళ్ళలో బట్టలు కుడుతుందట. "ఊరికే వస్తే చేతులు కాలతయ్యా ఏంది అమ్మా? లోపల పెట్టుకో," అని నవ్వింది. పిడుగురాళ్ళలో దిగేటప్పుడు కూడా నా చేతిలోని నోటును చూసి నవ్వింది. గురజాల దాటేదాకా నాకు చిన్నతనంగానే ఉంది.

తొమ్మిదిన్నరకు మాచర్ల చేరాను. బస్టాండు ఎదుట ఇడ్లీ నలభై రూపాయలు, పచ్చడి కారం ఎక్కువ. అక్కణ్ణుంచి షేర్ ఆటోలో మనిషికి యాభై. ఆటో నిండితే గాని కదలదు కాబట్టి వెంట నీళ్ళుండాలి. పదకొండున్నరకు ఇల్లు చేరేసరికి యోహాను అరుగు మీద, పొట్టేలు పందిరి కింద, ఇద్దరూ కట్టేసినట్టే ఉన్నారు.

గోంగూర పచ్చడితో అన్నం పెట్టి కోటమ్మ ఎదురుగా కూర్చుంది. మనిషి సగమైంది. నేను ఏమీ అడగకముందే అంది.

"ప్రాణానికి ప్రాణం ఇయ్యాల గదా వదినా. ఊరికే ఎట్టా వదులుతాడు?"

దారిపొడుగునా బైబిలు వాక్యాలు వల్లె వేసుకుంటూ వచ్చాను. అవన్నీ పక్కన పెట్టాను. "ఊరికే వదల్లేదే. నువ్వన్నట్టు ప్రాణమే ఇచ్చారు. ఇచ్చింది మనం కాదు, సిలువ మీద ఆయన," అని, సంచిలోంచి టికెట్టు తీసి ఆమె చేతిలో పెట్టి, బస్సులో జరిగింది చెప్పాను.

కోటమ్మ దాన్ని ఇటూ అటూ తిప్పి చూసింది. "మరి నిన్ను మధ్యలో దించలా?"

"లేదు. మాచర్ల దాకా తెచ్చాడు."

టికెట్టును తిరిగి నా చేతిలో పెట్టి, అరుగు వైపు చూసింది. తర్వాత, "అయితే ఈయనకేం కాదంటావా?" అంది.

ఈ ప్రశ్నకు అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "అది నేను చెప్పలేను. అందరం పోయేవాళ్ళమే. ఈ పొట్టేలు బాకీ కింద మాత్రం పోడు."

కళ్ళు తుడుచుకుంది. "మరి దీన్నేం జేయాల? చానా తింటాంది."

అరుగు మీద యోహాను పెద్దగా నవ్వాడు. ఆ ఇంట్లో నవ్వు వినబడి ఎన్నాళ్ళయిందో.

అక్కడి చర్చిలో కోళ్ళు, గుమ్మడికాయలు, ఏది కానుకగా వచ్చినా ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. బాకీగా కాదు, కృతజ్ఞతగా ఇవ్వమన్నాను. ఆదివారం కోటమ్మ పొట్టేలును తానే నడిపించుకొచ్చి గేటుకు కట్టింది. వేలంపాట తొమ్మిది వేల దాకా పోయింది. అప్పుడు యోహాను లేచి పదకొండు వేలన్నాడు.

"నీ పొట్టేలును నువ్వే కొనటం ఏందిరా?" అని సంఘపెద్ద ఎగతాళి చేశాడు.

"నా ప్రాణం నాకు ఊరికే వచ్చింది గదా మామా. దీని ప్రాణమన్నా నన్ను కొననీయి."

ఆ తర్వాత ఎవరూ పాట పెంచలేదు. పొట్టేలు వచ్చిన దారినే, అదే తాడుతో ఇంటికి నడిచింది. కోటమ్మ తాడు పట్టుకోలేదు, పక్కన నడిచింది.

సోమవారం ఉదయం ఆటో కోసం రోడ్డు మీద నిలబడి ఉండగా చేనువైపు నుంచి మోటారు శబ్దం వచ్చింది. యోహాను ఒక్కడే వెళ్ళాడు. నన్ను సాగనంపడానికి వచ్చిన కోటమ్మ ఉలిక్కిపడి నా చెయ్యి పట్టుకుంది. కాసేపు విన్నది. ఆగకుండా మోగుతూనే ఉంది. మెల్లగా చెయ్యి వదిలి, "నీళ్ళు పారుతున్నయ్ వదినా," అంది.

మాచర్లలో తొమ్మిదీ పదికి పేట బస్సు. పోనూ రానూ నాకైన ఖర్చు, ఇడ్లీలు, ఆటోలు, పండ్లు కలిపి మూడు వందల పది. కండక్టరు టికెట్టు చించి ఇచ్చాడు, సున్నా. ఈసారి పర్సు తీయలేదు. థాంక్స్ బాబూ అని తీసుకుని, కిటికీ పక్కన సర్దుకుని, గురజాల రాకముందే నిద్రపోయాను.