పగటి ఉద్యోగం

నలభై ఏడో ఏట నేను డెవాప్స్ నేర్చుకోవడానికి కారణం కంప్యూటర్ల మీద ప్రేమ కాదు. నాకు రాత్రి నిద్ర కావాలి. అంతకు మించిన ఆశయం ఏదీ లేదు.

రాజపాళయంలో ఒక నూలు మిల్లులో మెయింటెనెన్స్ పని నాది. డిప్లొమా చదివి చేరాను, చేరిన చోటే తల నెరిసింది. మిల్లు ఆగదు కాబట్టి దాన్ని ఆగకుండా చూసేవాడికీ ఆగడం ఉండదు. ఒక వారం పగలు, ఒక వారం సాయంత్రం, ఒక వారం రాత్రి. ఎవరైనా సెలవు పెడితే వాళ్ళ రాత్రి కూడా నాదే. మా వీధిలో చాలామందిది ఇదే బతుకు. అందుకే తలుపు తట్టేముందు పక్కింట్లో "వాళ్ళది ఏ షిఫ్టు?" అని అడిగి మరీ తడతారు. నేను పడుకున్న పూట మా ఇంట్లో మిక్సీ తిరగదు. చట్నీ లేకుండా పొడితో ఇడ్లీ తినడం మా ఆవిడకు అలవాటైపోయింది. ఆమె చిన్నపిల్లల బడిలో టీచరు. ఆమె బడి నుంచి వచ్చేసరికి నేను లేస్తాను. ఆమె పడుకునే వేళకు నేను మిల్లు బస్సులో పక్కూరు మంసాపురం వాళ్ళ మధ్య కూర్చుని ఆవులిస్తుంటాను. మాకు పిల్లలు లేరు. ఇంట్లో ఉన్నది ఇద్దరం, ఆ ఇద్దరిలో ఒకరు ఎప్పుడూ నిద్రలో ఉంటారు.

ఈ మధ్య రక్తపోటు ఎక్కువైంది. డాక్టరు మాత్రలు రాసి, రాత్రిపూట బాగా నిద్రపోవాలన్నాడు. సలహా బాగానే ఉంది, కానీ మిల్లుకు ఎవరు చెప్పాలి?

అప్పుడే మా బావమరిది చెన్నై నుంచి వచ్చాడు. సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని చేస్తాడు, మనిషి మంచివాడు, సలహాలే కొంచెం ఎక్కువ. "డెవాప్స్ నేర్చుకోండి బావా. ప్రోగ్రాం రాసేవాడు రాసి పోతాడు. దాన్ని సర్వర్ మీద నడిపేది, నిలిచిపోతే లేపేది మన పని. మిల్లులో మీరు చేసేదే. గ్రీజు ఒక్కటే ఉండదు" అన్నాడు.

"పగటి పనేనా?" అని అడిగాను.

"ఆఫీసు పని గదా బావా. పగలే."

ఆ ఒక్క మాట పట్టుకుని దిగాను. మొక్కై వంగనిది మానై వంగునా అని మిల్లులో తోటివాళ్ళు వెక్కిరించారు. వాళ్ళూ మానులే కాబట్టి పట్టించుకోలేదు.

హైదరాబాదు నుంచి ఆదివారం పొద్దున ఆన్‌లైన్ క్లాసు. తెలుగులో చెబుతారంటే, మన భాషే కదా, సులువుగా ఎక్కుతుందనుకున్నాను. నేను బడిలో చదివింది తమిళం. తెలుగు అక్షరాలు పెద్దయ్యాక పట్టుదల కొద్దీ నేర్చుకున్నవి. కానీ మాట మాత్రం అమ్మ ఒడిలోదే. మొదటి రోజు మాస్టారు అందరినీ పరిచయం చేసుకోమన్నాడు. "నేను మిల్లులో పని చేస్తా ఉండాను. మా మచ్చాన్ చెప్పినాడు, అందుకని చేరినాను" అన్నాను. బావమరిదిని మేం మచ్చాన్ అనే అంటాం. ఆయన ముఖం వెలిగిపోయింది.

"మీది ఏ ఊరండీ?"

"రాజపాళయం. తమిళ్‌నాడు."

"అయినా తెలుగు భలే నేర్చుకున్నారండీ!"

మావాళ్ళు ఈ ఊరికి వచ్చి ఎన్ని తరాలైందో మా తాతకే తెలియదు. ఇంట్లో మరో భాష మాట్లాడింది లేదు. థాంక్స్ చెప్పి ఊరుకున్నాను. ఒళ్ళు మండింది గానీ, ఆ ఆరు నెలల కోర్సులో నాకు దక్కిన మెచ్చుకోలు అదొక్కటే అని తర్వాత తెలిసింది.

మాటలతోనే నాకు సగం తిప్పలు. మిల్లులో ప్రొడక్షన్ అంటే ఆ రోజు తీసిన నూలు. అది పెరిగితే సంతోషం, తగ్గితే తిట్లు. ఇక్కడ ప్రొడక్షన్ అంటే జనం వాడుతున్న అసలు సర్వరట, దాని మీద చెయ్యి వేయకూడదట. "ప్రొడక్షన్‌ని ముట్టుకోకండి, ప్రొడక్షన్‌కి దూరంగా ఉండండి" అని మాస్టారు చెప్తుంటే, ఇన్నేళ్ళూ ప్రొడక్షన్ కోసం తిట్లు తిన్న నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఒకసారి పాఠమంతా అయ్యాక, ప్రొడక్షన్ ఎట్ల పెంచేది అని అడిగాను. రామాయణమంతా విని రాముడికి సీత ఏమవుతుందన్నట్టు అందరూ నన్నే చూశారు.

శనివారం రాత్రి షిఫ్టు పడితే ఆదివారం క్లాసు నరకం. స్నానం చేసి, కాఫీ తాగి, కెమెరా ముందు నిటారుగా కూర్చునేవాణ్ణి. ఒకరోజు "అంకుల్, మీ వీడియో ఫ్రీజ్ అయినట్టుంది, ఒకసారి బయటికెళ్ళి మళ్ళీ రండి" అని మాస్టారు అన్నాడట. వీడియో బాగానే ఉంది. నేనే కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టు నిద్రపోయాను. మా ఆవిడ వచ్చి భుజం తట్టి లేపింది.

కళ్ళజోడు మార్చాను. రెండు వేళ్ళతో టైపు చేసేవాణ్ణి. ఒక రకం ఫైలు ఉంటుంది, సర్వరు ఎలా నడవాలో అందులో వరసగా రాయాలి. ఏ వరసలోనైనా ఒక్క ఖాళీ తక్కువైతే మొత్తం పడుకుంటుంది. ఒక సాయంత్రం దాంతో నా తల ప్రాణం తోకకొచ్చింది. ఇంక నా వల్ల కాదు, మానేస్తాను అని పైకే అన్నాను. మా ఆవిడ పిల్లల కాపీలు దిద్దుతున్నదల్లా వచ్చి పక్కన కూర్చుంది. ఎర్ర పెన్ను చేతిలోనే ఉంది.

"ఈ వరస చూడండి, రవంత లోపలికి పోయింది."

అది తప్పు కాదు. తప్పు ఇంకెక్కడో ఉంది. ఆ రోజు మాకు దొరకనేలేదు. అయినా ఆమె లేవలేదు. నిద్ర ముఖాలు లేకుండా ఇద్దరం ఒక చోట అంతసేపు కూర్చుని ఎన్నాళ్ళయిందో. "ఈ పని వస్తే దినమూ ఇట్ల సాయంత్రం కూర్చోవచ్చు" అన్నాను. "రానీ, చూస్తాం" అని నవ్వింది. ఆ నవ్వు కోసమే మిగతా కోర్సు ఈడ్చాను.

కోర్సు అయ్యాక పెట్టుకున్న అప్లికేషన్లకు చాలావరకు జవాబే లేదు. చివరికి కోయంబత్తూరు కంపెనీ ఒకటి వీడియోలో ఇంటర్వ్యూ చేసింది. నాకు కొడుకుంటే వాడి వయసుండేవాళ్ళు ఇద్దరు అడిగారు. కొన్ని చెప్పాను, కొన్ని తెలియవన్నాను. నాలుగు రోజుల తర్వాత, మధ్యాహ్నం, అక్కడి హెచ్.ఆర్. అమ్మాయి ఫోన్ చేసి తమిళంలో శుభాకాంక్షలు చెప్పింది. ఉద్యోగం ఇంటి నుంచే చేయొచ్చు. క్లయింట్లు అమెరికావాళ్ళు కనుక సాయంత్రం మొదలుపెట్టి తెల్లవారుజాము దాకా చేయాలి.

ఇదీ రాత్రి పనేనా అని అడిగాను.

"మీకు మిల్లులో నైట్ షిఫ్టు అనుభవం ఉందనే తీసుకున్నాం సార్. మిగతావాళ్ళు రాత్రి అనగానే వెనక్కి పోతున్నారు" అంది, నన్ను సంతోషపెడదామని.

అంటే నేను నేర్చుకున్నది కాదు వాళ్ళకు కావలసింది. దేన్నుంచి పారిపోదామని చదివానో అదే నా అర్హత అయింది. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టు అంటారు. నేను ఊరికే పడలేదు, కోర్సు చేసి, ఇంటర్వ్యూ ఇచ్చి మరీ పడ్డాను. సోమవారం చెప్తానని ఫోన్ పెట్టేశాను. కోపం రావడానికి కూడా ఓపిక లేకపోయింది.

మా ఆవిడ బడి నుంచి వచ్చి, చెప్పులు విడుస్తూనే నా ముఖం చూసింది.

"ఫోన్ చేసినారా?"

"చేసినారు. తీసుకొన్నారు. ఇదీ రాత్రి పనే. వద్దని చెప్పేస్తా."

"కోయంబత్తూరు పోవల్లనా?"

"లేదు. ఇంట్లోనే."

ఆమె సంచి కింద పెట్టలేదు. "రాత్రంతా మీరు ఇంట్లోనే ఉంటారా?"

"ఉంటే ఏమి? మళ్ళా నిద్ర పోగొట్టుకొనేదే గదా."

అప్పుడు సంచి కింద పెట్టింది. తర్వాత, బడిలో జరిగిన సంగతేదో చెబుతున్నట్టు మామూలుగా అంది. "మీరు మిల్లుకు పోయిన రాత్రి నేను లైట్లు ఆర్పేది లేదు. అన్నీ వేసే పడుకొంటా. నిద్ర ఎక్కడ, సుమ్మా ఊరికే కండ్లు మూసుకొని ఉండేది. నాకు ఒంటిగా భయం. పెండ్లి అయినప్పటినుంచీ అంతే."

"నాకు ఎందుకు చెప్పలేదు?"

"చెప్పుంటే మీరు పనికి పోయి ఉంటారా? వీధికంతా తెలుసు. మీకే తెలీదు."

నాకు తెలిసే దారి లేదు. నేను ఇల్లు చేరేసరికి తెల్లారి ఉండేది, లైట్లు ఆరి ఉండేవి. ఇన్నేళ్ళూ ఆ ఇంట్లో రాత్రి నిద్ర లేనిది నాకొక్కడికే అనుకున్నాను. ఆమె కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది, నాకు మాత్రం కళ్ళనీళ్ళు ఆగలేదు.

సోమవారం దాకా ఆగలేదు. ఆ అమ్మాయికి అప్పుడే ఫోన్ చేసి సరే అన్నాను. రాత్రి పని మీకు ఇబ్బంది లేదు కదా సార్ అని మళ్ళీ అడిగింది. రాత్రిళ్ళు ఇంట్లో ఉంటాను కదమ్మా, అది చాలు అన్నాను.