తిన్నని రోడ్డు, తిరగని స్టీరింగు

నూకయ్య "ఆయ్" అన్నాడంటే ఒప్పుకున్నాడని కాదు, విన్నాడని. కోనసీమలో ఆ మాట ఒక మర్యాద. అయితే మర్యాద కొన్నిసార్లు గొంతులో ముందుగా చోటు చేసుకుని, వెనక రావలసిన మాటను రానివ్వదు.

అమలాపురం కొబ్బరి వ్యాపారి జగన్మోహనరావు గారి పాత పికప్ వ్యానును అతను పెళ్ళి కాకముందు నుంచీ నడుపుతున్నాడు. పొద్దున్నే ఆడకూలీలను కాట్రేనికోన వైపు తోటకు చేర్చడం, సాయంత్రం కాయలతో తిరిగి రావడం. డెబ్బై తొమ్మిదిలో వానలు వెనకపట్టాక బండికి కొత్త జబ్బు పట్టుకుంది. స్టీరింగు జానెడు మేర ఊరికే తిరిగేది. ఆ తరువాత గాని ముందు టైర్లకు కబురు అందేది కాదు. కాలవ గట్టు రోడ్డు మీద అది చిన్న సంగతి కాదు. వెనక కూర్చున్న ఆడవాళ్ళ మాటలు వినబడినప్పుడల్లా నూకయ్య వేగం తగ్గించేవాడు.

మెకానిక్ సాలమోను బండిని జాకీ మీద లేపాడు. నూకయ్యను స్టీరింగు ఊపమని, తాను కింద పడుకుని ఒక్కొక్క కీలూ పట్టి చూశాడు. అరిగినవి మార్చాడు. జబ్బు తగ్గింది గాని పోలేదు. చివరికి స్టీరింగు పెట్టె విప్పి, లోపలి పళ్ళను గుడ్డతో తుడిచి, వెలుతురుకు పట్టి చూశాడు.

"తిన్నగా వెళ్ళీ వెళ్ళీ నడిమి పళ్ళు అరిగిపోయేయండి. కొస పళ్ళు కొత్తవాటిలాగే ఉన్నాయి. నడిమికి సరిపడా బిగిస్తే మలుపులో పట్టేస్తాది. వదులుగా ఉంచితే తిన్నటి రోడ్డు మీద ఊగుతాది. బిగించమంటారా, వదిలెయ్యమంటారా?"

"ఆయ్."

"రెంటికీ ఆయ్ అంటే నేనేం చెయ్యనండీ?"

కొత్త పెట్టె దొరకదు. ఆ రకం బండ్లు రావడం ఎప్పుడో ఆగిపోయింది. సాలమోనును గొప్ప పనివాడని అనలేం. తన చేతి హద్దు దాచుకోలేదు, అంతే. కాలవ పొడుగునా ఊగడం కన్నా నయమని బిగించాడు. ఇక మనుషులను ఎక్కించుకోవద్దని, ఆ సంగతి యజమానికి చెప్పమని హెచ్చరించాడు.

ఆ సాయంత్రం బండి బాగుపడిందా అని జగన్మోహనరావు గారు అడిగారు. దారంతా కూడగట్టుకున్న జవాబుతో నూకయ్య నోరు తెరిచాడు.

"ఆయ్, మలుపులో పట్టేస్తందండీ..."

మొదటి మాట వినగానే ఆయన తృప్తిపడి, రేపు కూలీలను పెందలాడే చేర్చమని చెబుతూ లోపలికి వెళ్ళిపోయారు. మిగిలిన మాటకు శ్రోత గుమ్మమే. ఆయనను మళ్ళీ బయటికి పిలవడం నూకయ్యకు చేతకాలేదు.

మర్నాడు తిన్నని రోడ్డు మీద బండి బుద్ధిగా నడిచింది. వంతెన ముందు మలుపు కనబడగానే ఆపేశాడు. వెనక్కి వచ్చి, వంతెన దాటేదాకా నడవమని ఆడవాళ్ళను బతిమాలాడు.

"ఏం అన్నయ్యా, మమ్మల్ని మోసీ మోసీ నీ బండికి నడుం పట్టేసిందా?" అంది వాళ్ళలో పెద్దదైన కాంతమ్మ. మిగతావాళ్ళు నవ్వారు.

"స్టీరింగు పట్టేస్తాదమ్మా. మలుపులో తిరగదు."

నవ్వు ఆగిపోయింది. ఒకరి తరువాత ఒకరు దిగి, కొంగులు బిగించుకుని ముందుకు నడిచారు. నూకయ్య ఒక్కడే మలుపు తిప్పాడు. సగంలో స్టీరింగు బిగుసుకుంది. బ్రేకు మీద నిలబడి, బండిని వెనక్కి తీసి, రెండు చేతులా లాగి, గట్టు అంచున మట్టి జారుతుండగా ఎలాగో బయటపడ్డాడు.

వంతెన అవతల కాంతమ్మ అంతా చూస్తూ నిలబడింది. పొద్దెక్కి వెళితే మేస్త్రీ పనిలోకి రానివ్వడు. ఆ సంగతి నూకయ్యకూ తెలుసు. ఎక్కవద్దంటే వాళ్ళ ఆ పూట కూలి పోతుంది. ఎక్కమనడానికి అతనికి నోరు రాలేదు.

చివరికి ఆమే ముందు ఎక్కింది.

"పట్టేసే మలుపు వచ్చినప్పుడల్లా చెప్పు అన్నయ్యా. దిగుతాం."

వంతెన దాటాక రోడ్డు ఏటి పాయ వెంట మెలికలు తిరుగుతుంది. ఏ మెలికలో పట్టేస్తుందో నూకయ్యకు కూడా తెలియదు. బండి కదిలించాడు.