మూడో మంచం నాడి

పదిహేనేళ్లు వార్డులో బెడ్‌పాన్లు మోసి మోసి, ఆయా నలభయ్యో ఏట నర్సింగు స్కూల్లో చేరింది. ప్రభుత్వం నెలనెలా ఇచ్చే స్టైపెండు ఉందన్న ధీమాతోనే చేరింది. తోటి పిల్లలు "పిన్నీ" అంటూ వెంట తిరిగేవాళ్లు. దుప్పటి ముడత లేకుండా పరవడం వాళ్లకు ఆమే నేర్పింది.

రెండో ఏడాది మధ్యలో ఏ మహానుభావుడు సంతకం పెట్టాడో గానీ, స్టైపెండు తీసేసి, బ్యాంకులో అప్పు తెచ్చుకోమన్నారు. ఆమె వయసు చూసి బ్యాంకువాళ్లు మొహం చాటేశారు. కలిగిన ఇంటి పిల్లలు నర్సులయ్యారు. ఆమెకు మళ్లీ అదే వార్డు, అవే బెడ్‌పాన్లు.

ఒకరోజు మూడో మంచం తాతను పక్కకు తిప్పుతుంటే, అలవాటుకొద్దీ ఆమె వేళ్లు ఆయన మణికట్టు మీద, కళ్లు గోడ గడియారం మీద ఆగాయి. నాడి తప్పుతోంది. కేకేసింది. పరుగున వచ్చిన నర్సు ఆనాటి తోటి పిల్లే. తాతను గట్టెక్కించాక ఆమెను పక్కకు పిలిచింది.

"ఆయాలు నాడి చూడకూడదు పిన్నీ. పైవాళ్లకు తెలిస్తే నీ ఉద్యోగం ఊడుతుంది."

మర్నాడు తాత నవ్వుతూ చెయ్యి చాచాడు. "ఎలా కొట్టుకుంటోందో చూడమ్మా."

"నాకేం తెలుసు తాతా," అంది ఆయా, బెడ్‌పాన్ అందుకుంటూ. "నేను చదువుకోలేదు."