కాజాల పిన్ని గుమ్మంలో పోయిన పార్సిలు

కాజా కుట్టడానికి వెలుతురు కావాలి. దీపం వెలుతురు చాలదు, పగటి వెలుతురే కావాలి. కింది వాటాకు ఉన్న ఒకే ఒక్క కిటికీకి పక్క మేడ గోడ అడ్డం. అందుకని కాజాల పిన్ని పొద్దున్నే తలుపు బార్లా తెరిచి, గుమ్మానికి కాస్త లోపలగా కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. వెలుతురు కోసం తెరిచిన ఆ తలుపే చివరికి ఆవిడ కొంప ముంచింది.

తెరిచిన తలుపు కనబడితే పార్సిళ్లు తెచ్చేవాళ్లు మెట్లెందుకు ఎక్కుతారు? ఆ మేడకు లిఫ్టు లేదు. మొదట ఒకాయన రొప్పుతూ వచ్చి, "రెండో అంతస్తు వాళ్లు ఇంట్లో లేరమ్మా, ఇది కాస్త ఉంచుతారా?" అన్నాడు. పాపం అని ఉంచింది. ఆ తర్వాత ఇంట్లో ఉన్నవాళ్లవి కూడా రావడం మొదలైంది. ఇప్పుడు పైవాళ్లు ఆర్డరు పెట్టేటప్పుడే 'కింద పిన్ని దగ్గర ఇవ్వండి' అని రాసేస్తున్నారు. అట్టపెట్టెలు, కవర్లు, పొడుగు గొట్టాలు, ఒకసారైతే నిలువెత్తు అద్దం. ఉంచమని పైవాళ్లెవరూ అడగలేదు, ఉంచుతానని ఆవిడా అనలేదు. అలా జరిగిపోయిందంతే.

"పోస్టాఫీసు ఎలాగూ పెట్టావు, బోర్డు కూడా తగిలించెయ్ వదినా," అనేది ఆడబిడ్డ. ఆవిడది బొత్తాలు కుట్టే పని. ఒకే ఇంట్లో ఒకే చొక్కాకు వదిన కాజా కుడితే ఆడబిడ్డ బొత్తాం కుడుతుంది. "అన్నయ్య బస్సు తోలుతాడు, నువ్వు పార్సిళ్లు చేరవేస్తావు. ఇక నేనొక రైలు చూసుకుంటే మనింట్లో అన్నీ అయిపోతాయి."

పిన్ని నవ్వి ఊరుకునేది. కానీ ఆవిడకూ ఒక పద్ధతి ఉంది. గుమ్మానికి కుడిపక్క స్టూలు పార్సిళ్లకు, ఎడమపక్క బల్ల చొక్కాలకు. పని అయిన చొక్కాలను చొక్కాల కంపెనీ వాళ్లిచ్చిన బూడిదరంగు ప్లాస్టిక్ కవర్లలో పెట్టి బల్లమీద పేరుస్తుంది. ఆ కంపెనీ మూటలాయన వచ్చేసరికి వాటన్నిటినీ గుడ్డలో వేసి మూట కట్టి ఉంచితే, ఆయన భుజాన వేసుకుని పోతాడు. స్టూలుది బల్లమీదికి రాకూడదు, బల్లది స్టూలు మీదికి పోకూడదు. ఇన్నేళ్లలో పైవాళ్లది ఒక్క కవరు అటూ ఇటూ కాలేదు. ఆవిడ పైకి చెప్పుకోదు గానీ, అది ఆవిడకు కొంచెం గర్వం కూడా.

ఒక సాయంత్రం మూడో అంతస్తు ఆఫీసరు కిందికి దిగి గుమ్మంలో నిలబడ్డాడు. ముక్తసరి మనిషి. ఎండైనా వానైనా తలమీద టోపీ, చంకలో సంచీ. వస్తూ పోతూ తల ఊపడమే తప్ప ఏనాడూ ఆగి పలకరించింది లేదు.

"నా కవరు ఇవ్వండి," అన్నాడు.

"ఏ కవరండీ?"

"మధ్యాహ్నం వచ్చింది. అందినట్టు ఫోన్లో మెసేజి కూడా వచ్చింది."

పిన్ని స్టూలు వంక చూసింది. ఖాళీగా ఉంది. "నా చేతికి ఎవరూ ఇవ్వలేదండీ ఇవాళ."

"ఓటీపీ చెప్పాను. ఇచ్చాకే కదా ఓటీపీ అడిగేది?"

"ఎవరికి చెప్పారు?"

"తెచ్చినవాడికి. ఫోన్లో."

"అంటే మీరు ఇంట్లోనే ఉన్నారా? ఉంటే దిగిరావలసింది కదండీ!"

ఆఫీసరు చంకలో సంచీ సర్దుకున్నాడు. పిన్ని సూది చొక్కాకు గుచ్చి పక్కన పెట్టి లేచింది. "పోనీ, ఎంత ఉంటుందండీ? చిన్నదా పెద్దదా? లోపల ఏముంది?"

"ఒక వస్తువు."

"వస్తువు కాకపోతే మనిషిని తెప్పించుకుంటారా ఎవరైనా?" అంది లోపల్నించి ఆడబిడ్డ.

ఆ మర్నాటి నుంచి పిన్నికి మనశ్శాంతి లేదు. ఆఫీసరు ఫోను చెవికి ఆనించుకుని ఆ మెట్లమీదే కూర్చునేవాడు. పై అంతస్తులో సిగ్నలు ఎక్కువసేపు నిలవదట. ఆయన మాటలూ అవతలివాళ్ల మాటలూ వద్దన్నా పిన్ని చెవిన పడేవి. అమ్మినవాళ్లు, మేం పంపేశాం, మోసినవాళ్లను అడగండి అన్నారు. మోసినవాళ్లు, మేం ఇచ్చేశాం, ఏదన్నా ఉంటే అమ్మినవాళ్లతో తేల్చుకోండి అన్నారు. యాప్ వాళ్లయితే, మేం మధ్యవర్తులం మాత్రమేనండీ అన్నారు, పెళ్లి సంబంధం కుదిర్చినవాళ్లలాగా.

"మీ ఇబ్బందికి చింతిస్తున్నాం సర్. మీ సహనానికి ధన్యవాదాలు," అంది ఫోన్లో ఒకమ్మాయి.

"నాకు సహనం లేదమ్మా!" అన్నాడు ఆఫీసరు.

"తప్పకుండా సర్. పోయిన వస్తువు వివరాలు ఒకసారి చెప్పండి."

ఆయన పిన్ని వైపు చూసి, గబగబా సగం మెట్లెక్కి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏదో గొణిగాడు. సిగ్నలు పోయింది. మళ్లీ దిగి మొదటినుంచీ మొదలుపెట్టాడు.

"ఓటీపీ ఇచ్చారు కాబట్టి మీకు అందినట్టే సర్."

"నా కంటితో చూడనిది నాకెలా అందుతుంది?"

"మీరు రాసిన చోటే ఇచ్చాం సర్. కింద పిన్ని దగ్గర ఇవ్వండి అని మీరే రాశారు."

ఆఫీసరు తలెత్తి చూశాడు. కాజా కుడుతున్న పిన్నికి దారం చిక్కుపడింది. కంపెనీలన్నీ ఒకదాని తర్వాత ఒకటి చేతులు దులుపుకున్నాయి. ఆ దుమ్మంతా వచ్చి ఆవిడ నెత్తిన పడింది.

"నాకేం జీతమిస్తున్నారా వీళ్లు?" అని ఆ రోజు భర్తమీద విరుచుకుపడింది. "నేనేమన్నా ఉంచుతానని రాసిచ్చానా?"

బస్సు దిగి వచ్చి అప్పుడే చెప్పులు విప్పుతున్న ఆయన, "నేనేం చేశానే?" అన్నాడు. పాపం, ఆయనేం చేశాడు!

మేడలో మాట పాకడానికి ఎంతసేపు? రెండో అంతస్తావిడ తన పెట్టె తీసుకుపోవడానికి వచ్చి, స్టూలు మీంచి దాన్ని ఎత్తి, అటు తిప్పి ఇటు తిప్పి, అతికించిన టేపు వేలితో తడిమి చూసింది. మాట మాత్రం తీయగానే ఉంది. "బాగున్నావా పిన్నీ? ఏంటి, చిక్కిపోయావు?" అంది. ఆవిడ పైకి వెళ్లేదాకా పిన్ని కళ్లెత్తలేదు. ఇన్నేళ్లుగా ఆ స్టూలు మీద ఏం పెట్టినా తడిమి చూసుకున్నవాళ్లు లేరు. ఇక ఇదే మేడలో, ఇదే తలుపు తెరుచుకుని, ఈ తడుముళ్ల మధ్య కూర్చోవాలా అనుకుంటే ఒళ్లు మండిపోయింది. ఏడుపూ వచ్చింది.

మేడ సంఘానికి ప్రెసిడెంటు మొదటి అంతస్తు పెద్దాయన. "ఆదివారం అందరం మెట్ల దగ్గర కూర్చుని తేల్చేద్దాం. నీమీద అనుమానమని కాదనుకో పిన్నీ," అన్నాడు. అనుమానం కాదని పనిగట్టుకుని వచ్చి చెప్పేది ఎప్పుడో ఆవిడకు తెలియదా!

శనివారం ఆఫీసరు ఫోను పట్టుకుని దిగాడు. ఎంత పోట్లాడితేనో పార్సిలు కంపెనీ వాళ్లు ఆ రోజు తీసిన ఫొటో పంపారు. "ఇదిగో చూడండి. ఇది మీ గుమ్మమేనా కాదా?"

పిన్ని కళ్లజోడు సవరించుకుని చూసింది. తన గుమ్మమే. అంచు విరిగిన గచ్చు, మూలన తన చెప్పులు. బూడిదరంగు కవరు ఒకటి బల్లమీద ఉంది. దాని కింద వరసగా అదే రంగు కవర్లు.

స్టూలు మీద కాదు, బల్లమీద.

ఆవిడకు ఆ రోజు సంగతి గుర్తొచ్చింది. ఆ మధ్యాహ్నం నీళ్లు పట్టుకోవడానికి వెనక్కి వెళ్లింది. తిరిగొచ్చేసరికి మూటలాయన గుమ్మంలో నిలబడి, తొందరగా కట్టక్కా, బండి ఆగదు అని గోల. ఉన్నవన్నీ చేతికందినట్టు గుడ్డలో వేసి ముడి బిగించింది. పార్సిలు తెచ్చినవాడెవడో కొత్తవాడై ఉంటాడు. వాడికి స్టూలేమిటో బల్లేమిటో ఏం తెలుసు?

"నా చేతులు పడిపోను," అని గొణుక్కుంది. ఆఫీసరుతో మాత్రం, "రేపటిదాకా ఆగండి, చెబుతాను," అంది.

మూటలాయనకు ఫోను చేస్తే ఆయన పకపకా నవ్వాడు. "ఆ కవరు నీదా అక్కా! కంపెనీలో ఇస్త్రీ దగ్గర ఆడవాళ్లు చొక్కా అనుకుని చింపారు. ఇక చూడు, ఒకళ్ల తర్వాత ఒకళ్లు నెత్తిన పెట్టుకుని అద్దం ముందు ఒకటే కులుకులు. జుట్టక్కా, జుట్టు! విగ్గు!"

ఆ సాయంత్రమే తెచ్చి ఇచ్చాడు. ఆడబిడ్డ పొట్ట పట్టుకుని నవ్వింది. "టోపీ తియ్యడు, టోపీ తియ్యడు అనుకున్నాం! ఒక వస్తువట! వదినా, రేపు అందరి ముందూ నువ్వే ఆయన నెత్తిన పెట్టెయ్, ఈడ్చి కుట్టెయ్!"

పిన్నికీ నవ్వు వచ్చేదే. కానీ చేతిలోది విప్పి పట్టుకునేసరికి అది భుజాలు దాటి జారింది. ఆడమనిషి జుట్టు. పాపిట దగ్గర వేలెడు వెడల్పున ఒక తెల్లటి పాయ.

నల్ల జుట్టు కావాలంటే ఎక్కడైనా దొరుకుతుంది. తెల్ల పాయతో సహా చేయించుకున్నారంటే, వయసు తగ్గించుకోవడానికి కాదు, ఇదివరకులాగే కనబడటానికి. ఆ పాయను పిన్ని ఎరుగును. ఆఫీసరు భార్య రంగు వేసుకునేది కాదు. మెట్లు దిగుతూ ఆ పాయను చెవి వెనక్కి తోసుకుంటూ, "కుట్టింది చాలు, కాసేపు నడుం వాల్చు పిన్నీ," అని పోయేది. ఆవిడ కిందికి దిగి ఎన్నాళ్లయింది? మొగుడికి ప్రమోషనొచ్చాక కాలు నేలమీద నిలవడం లేదని మేడంతా అనుకుంది. పిన్నీ అనుకుంది. ఆఫీసరు చంకలో సంచీ, ఆయన దాటిపోయినప్పుడు వచ్చే ఆస్పత్రి వాసన, ఇంట్లో ఉండి కూడా దిగిరాలేకపోవడం, అన్నీ ఇప్పుడు వచ్చి వరసలో నిలబడ్డాయి.

ఆడబిడ్డ నవ్వు ఎప్పుడో ఆగిపోయింది.

"నోరు లేదటే ఆ మనిషికి?" అంది పిన్ని. జాలితో కాదు, కోపంతో. "ఒక్క ముక్క చెబితే నేను నెత్తిన పెట్టుకుని పైకి తీసుకెళ్లి ఇచ్చేదాన్ని కాదూ? వస్తువట, వస్తువు!" నెత్తిన పెట్టుకుని అన్నందుకు నాలిక కరుచుకుంది.

చిక్కు పడినచోట మెల్లగా దువ్వి, కొత్త కవర్లో పెట్టి, మూతి దగ్గర దగ్గర కుట్లతో కుట్టేసింది.

ఆదివారం మెట్లనిండా జనం. పిన్ని కవరు తీసుకెళ్లి ఆఫీసరు చేతిలో పెట్టింది. "నా చొక్కాల మూటలో కలిసిపోయిందండీ. చూసుకోకుండా కట్టాను. తప్పు నాదే."

నిజానికి సగమే ఆవిడది. ఫొటో తీసినవాడికి పిలిచే నోరు లేదు, ఓటీపీ చెప్పినాయనకు దిగే కాలు లేదు. కానీ వాటా వేసి పంచడం మొదలుపెడితే మాట ఎక్కడెక్కడికి పోతుందో!

"దొరికింది కదా, సంతోషం," అన్నాడు ప్రెసిడెంటు. "అందరి ముందూ విప్పి చూసుకోండి ఆఫీసరు గారూ. అన్నీ సరిగ్గా ఉన్నాయని మీ నోటితో అంటే పిన్నికీ మాట రాదు."

మెట్లమీద మెడలన్నీ ముందుకు సాగాయి. ఆఫీసరు ముఖంలో నెత్తురు చుక్క లేదు. కవరును పొట్టకు అదుముకున్నాడు. విప్పితే పిన్ని మాట నిలబడుతుంది. అది ఆవిడకూ తెలుసు.

"విప్పడమెందుకు?" అంది. "మళ్లీ ఎవరు కుడతారు, మీరు కుడతారా ప్రెసిడెంటు గారూ? సూదిలో దారం ఎక్కించండి చూద్దాం ముందు."

అందరూ నవ్వారు. ఆ నవ్వు చాటున రెండో అంతస్తావిడ, "మొత్తానికి పిన్ని దగ్గరే ఉందన్నమాట," అంది. చిన్నగానే అంది. పిన్నికి మాత్రం గట్టిగా వినిపించింది. మింగింది. ఆఫీసరు కవరు పట్టుకుని పైకి వెళ్లిపోయాడు.

"మంచి మాట ఒక్కటన్నా అన్నాడా!" అంది ఆడబిడ్డ.

"నువ్వన్నా ఊరుకో తల్లీ."

ఆ మర్నాడు పిన్ని స్టూలు తీసి లోపల పడేసింది. వచ్చినవాళ్లందరికీ ఒకటే మాట: "మెట్లెక్కి ఇచ్చుకోండి." మేడంతా రొప్పులు, విసుగులు. ఆవిడకు అదొక కక్ష.

కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం కమ్మీ పట్టుకుని మెట్టు మెట్టుకూ ఆగుతూ ఆఫీసరు భార్య దిగింది. సగమైపోయింది. జుట్టు మాత్రం నున్నగా దువ్వి ఉంది. పాపిట దగ్గర తెల్ల పాయ.

"పిన్నీ, రెండో అంతస్తావిడ చూడటానికొచ్చి అంది, నా పార్సిలు నువ్వు దాచుకుని, గట్టిగా అడిగితే ఇచ్చావట కదా?"

పిన్ని సూది పక్కన పెట్టింది.

"మా ఆయన ఒక్క ముక్క చెప్పలేదు నాకు. ఆ మనిషి ఎప్పుడు చెప్పాడు కనుక! నాకు ఒళ్లు మండింది. దాచుకున్నది ఇదేనమ్మా అని నా నెత్తి చూపించాను. పెట్టుకుంటావా నువ్వు కూడా అన్నాను. ఆవిడ ముఖం చూడాల్సింది పిన్నీ!"

ఆడబిడ్డ బొత్తాల డబ్బా ఒలకబోసుకుంది. పిన్ని నవ్వబోయి, కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.

"లోపలి పట్టీ వదులైంది. జారుతోంది. ఒక కుట్టు వేసిపెడతావా?" అంది ఆవిడ. తర్వాత తెరిచి ఉన్న తలుపు వైపు చూసింది. "చెప్పడమైతే చెప్పాను గానీ, తియ్యడానికి..."

పిన్ని లేచి, పట్టపగలు ఏనాడూ వెయ్యని ఆ తలుపు వేసి గడియ పెట్టింది. దీపం వెలిగించింది. "ఈ గుడ్డి వెలుతురులో కుట్టు వంకరపోతే నన్ననకు. ముందే చెబుతున్నా," అని కసురుతూ చెయ్యి చాచింది.

సగం కుట్టిందో లేదో, తలుపు దబదబా మోగింది.

"పార్సిలండీ! మూడో అంతస్తు!"

"పైకెక్కవయ్యా!" అని అరిచింది ఆడబిడ్డ.

"ఫోన్ చేశానమ్మా. సారు ఓటీపీ చెప్పేశారు. కింద పిన్ని దగ్గర ఇవ్వమన్నారు!"

పిన్ని సూది ఆపి ఆఫీసరు భార్య వంక చూసింది. ఆవిడ బోడి తలను రెండు చేతులతో పట్టుకుంది.

"ఈయనకు చచ్చినా బుద్ధి రాదు పిన్నీ," అంది.